బాణం తిప్పిన ఆదివారం

మొన్న మా జిరాక్సు అంగడిలో ప్రింటరు ఆగిపోతే వెనక మూత తీశాను. వేడెక్కిన దుమ్ము, మాడిన ప్లాస్టిక్కు, ఎక్కడో లోపల ఇరుక్కుని కమిలిన కాగితం, మూడూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. చిన్ననాటి వాసనలు తగిలితే కళ్లు చెమరుస్తాయని అందరూ రాస్తుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పద్నాలుగేళ్ల వయసులో ఆ వాసనను రోజూ పీల్చాను, ఇప్పటికీ దానిమీద ప్రేమ పుట్టలేదు.

మార్కాపురంలో మాది పలకల అంగళ్ల బజారు. గనుల నుంచి వచ్చిన రాయిని చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించేదాకా లేచే బూడిదరంగు దుమ్ము మా అన్నంలో, నీళ్ల బిందెలో, దండెం మీది బట్టల్లో ఉండేది. తొక్కుడు బిళ్ల ఆటకు ఆడపిల్లలం విరిగిన పలక ముక్కలే ఏరుకునేవాళ్లం, అందులోనూ ఒక నున్నటి ముక్కకు నేను గుప్పెడు రేగ్గాయలు అడిగేదాన్ని. కార్తీకంలో పుల్లలచెరువు వైపు నుంచి నల్లమల వాళ్లు గంపల్లో సీతాఫలాలు తెస్తే మా అమ్మ గంటసేపు బేరమాడి, కొనకుండా లేచి నడిచేది. బజారు నీతి అదే. బేరం కుదరనివాళ్లు లేచిపోతారు, మూడో అంగడి దాకా పోయి వెనక్కి చూస్తారు, అప్పుడు పిలవాలి. ముందే పిలిస్తే అలుసు. నాకు ఉగ్గుపాలతో పట్టిన చదువు ఇది.

పలకలు అడిగేవాళ్లు తగ్గుతున్నారని నాయన ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరూ ప్రింటరూ కొనుక్కొచ్చి, పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు కొట్టి ఇస్తామని బోర్డు పెట్టాడు. అదే నెలలో బజారు అవతలి కొసన మస్తాన్ మామ కూడా అదే బోర్డు పెట్టాడు. అంతకుముందు రంజానుకు ఒకే పళ్లెంలో సేమియాలు తిన్న ఇద్దరూ, ఆనాటి నుంచి ఒకరి నీడ కనపడితే ఒకరు కాండ్రించి ఉమ్మేవాళ్లు. ఇద్దరికీ ఆ మిషన్ మీద పని రాదు. మా ఇంట్లో నేను, వాళ్లింట్లో కూతురు షమీమ్, ఇద్దరం తొమ్మిదో తరగతి పిల్లలం, బడి వదలగానే తెరల ముందు కూర్చునేవాళ్లం.

తెర మీద బొమ్మలు, మౌసు కదిపితే కదిలే బాణం, కిటికీల్లా తెరుచుకునే పెట్టెలు. చూడ్డానికి పెళ్లిపందిరి, బుద్ధికి మొండి గాడిద. పని సగంలో ఉండగా బిగుసుకుపోయేది. తర్వాత ఒక పెట్టె ముందుకొచ్చి, తప్పు జరిగిందని చెప్పి, కింద ఒకే ఒక్క మీట చూపేది, సరే అనడానికి. తప్పు దానిది, సరే అనాల్సింది మేము. బేరానికి చోటులేని ఆ మీటను చూస్తే నాయనకు రక్తం ఉడికేది. “ఏందిది, కాదనేదానికి ఇంకోటి పెట్టలేదా వీళ్లు?” అనేవాడు.

చుట్టుపక్కల నేర్పేవాళ్లు లేరు. దాని రోగాలు, వాటి మందులు షమీమ్‌కూ నాకూ మాత్రమే తెలుసు. అన్నాల గంటకు బడి గోడ మీద కూర్చుని ఒకటికి ఒకటి మార్చుకునేవాళ్లం. పూల అంచు పెడితే ప్రింటు ఆగిపోతుంది, అంచును వేరే దాచి చివర్లో అతికించాలి అని ఆమె చెబితే, “అది పాతదిలేమ్మే, దానికి సగమే ఇస్తా” అనేదాన్ని నేను.

“సగమంటే ఏంది, రోగం చెప్పి మందు దాచుకుంటావా?” అనేది షమీమ్, ఉడకబెట్టిన కందికాయలు నా వైపు తోస్తూ. నిజానికి నేను అదే చేసేదాన్ని.

ఆ ఏడు మా మేనమామ రకరకాల తెలుగు ఫాంట్లు నింపిన ఫ్లాపీలు సంచెడు తెచ్చాడు. అంగడి పిల్లను కదా, ఉన్న సరుకంతా ముందు పరచాలని అన్నీ ఎక్కించాను. మర్నాడు కంప్యూటరు లేవలేదు. అది లేచే క్షణంలో ఒక మీట నొక్కితే దొడ్డిదారిన లోపలికి పోవచ్చని, సగం ఫాంట్లు బయట పారేస్తే బతుకుతుందని కనిపెట్టేసరికి నాకు రోజంతా పట్టింది. తర్వాత ఆ ఫ్లాపీలే షమీమ్‌కు అంటగట్టి ఆరు మందులు పుచ్చుకున్నాను. అన్నీ ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఆమె అడగలేదు కదా అనుకున్నాను.

డిసెంబరు పరీక్షలకు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలన్నీ మస్తాన్ మామకు దొరికాయి. పెళ్లి పత్రికలు అప్పటికే మా వైపు తిరిగాయి కాబట్టి ఆయనకు ఇదొక్కటే దిక్కు. సోమవారం పొద్దుటికి అందిస్తే అంగడి నిలుస్తుంది, లేకపోతే మూతే. శనివారం మధ్యాహ్నం షమీమ్ మా గడప దగ్గరికొచ్చింది.

“మాది లెయ్యడం లేదు సుజాతా. నువ్విచ్చినవన్నీ ఎక్కించినా. నల్లగా నిలబడిపోయింది.”

“నీ దగ్గర ఏముంది ఇచ్చేదానికి?”

“అన్నీ నీకు చెప్పేసినా. ఒకటే మిగిలింది, అది అంత పెద్దది కాదు.”

“అయితే పెద్దది తెచ్చుకోపో.”

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి వెనుదిరిగింది. మొదటి అంగడి దాటింది. రెండోది, బొరుగుల అంగడి, దాటింది. మూడోదాని దగ్గర వెనక్కి చూస్తుంది, పిలిచి చెప్పేద్దామని నోరు సిద్ధం చేసుకున్నాను. “తొందరపడమాక, వస్తాది. అవసరం వాళ్లది” అన్నాడు నాయన. షమీమ్ వెనక్కి చూడలేదు.

ఆదివారం పొద్దున బడుల వాళ్లు మస్తాన్ మామ దగ్గర వెనక్కి తీసుకున్న ప్రశ్నల కట్టలు తెచ్చి మా బల్లమీద పెట్టారు. నాయన వాళ్లకు చిక్కటి పాలతో టీ తెప్పించాడు. మధ్యాహ్నానికి మా ప్రింటరు ప్రతిసారీ రెండో పేజీలో ఆగిపోవడం మొదలుపెట్టింది. నా మందులన్నీ వాడాను, కదల్లేదు. బజారు కొస దాకా నడుస్తూ, ఫాంట్ల మందు ఇస్తాను దీనికి ఏమిస్తావు అని బేరం వల్లించుకుంటూ పోయాను. షమీమ్ అరుగు మీద కందులు చెరుగుతోంది. లోపల మిషన్ పెట్టిన బల్ల ఖాళీగా ఉంది.

“రెండో పేజీలో ఆగిపోతా ఉంది” అన్నాను.

“బాణాన్ని ఆపకుండా తిప్పుతా ఉండు. నువ్వు చెయ్యి ఆపితే అది నిద్రపోతాది. ఆ మిగిలింది ఇదే” అంది, చేట మీది నుంచి తలెత్తకుండా.

ధర అడగలేదు. నేను ఫాంట్ల మందు మొత్తం ఒక్క గుక్కలో అప్పజెప్పాను.

“ఇప్పుడెందుకులే. పొద్దున బస్సుకే మా అబ్బా దాన్ని కర్నూలుకు ఎక్కించినాడు, వచ్చినకాడికి అమ్ముకొస్తాడంట. నువ్వు పోయి తిప్పుకో, రేపే సోమవారం.”

దీపాలు పెట్టేదాకా బాణాన్ని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాను. మణికట్టు వాచింది. పత్రాలు సమయానికి అందాయి, ఏటా మావే అయ్యాయి. ఎండాకాలానికి వాళ్లు అంగడి మూసుకుని గిద్దలూరు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ తెరలు లేవు, ఫ్లాపీలు లేవు. బజారులో పలకల అంగళ్లు మూడో నాలుగో మిగిలాయి. ఏది పాడైనా ఫోనులో అడిగితే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఊరకే మందు చెబుతారు. అలా చెప్పేవాళ్లంటే నాకు కోపం. ఏమీ పుచ్చుకోకుండా మనిషిని కింద పడేసే ఆ పద్ధతి నాకు షమీమ్ రుచి చూపించింది.

పోయినేడు గిద్దలూరులో ఒక పెళ్లిలో ఆమె కనపడితే, ఆ రోజు ఎందుకు చెప్పావని అడిగేశాను. కాసేపు గుర్తు తెచ్చుకుంది.

“తెల్లారితే పిల్లోళ్లకు పరీక్షలు గదమ్మే” అంది.

ఇన్నేళ్లూ ఆ మేలు నాకే చేసిందనుకుని, అరగక, కక్ష పెంచుకున్నాను. ఆ బేరంలో నేను లేనేలేను.