మీటరు బాబాయ్ ఆపిన శాలువా

మా వార్డులో ఆయన్ని అందరూ మీటరు బాబాయ్ అనేవారు. థైరాయిడ్ క్యాన్సరుకు రేడియేషన్ మందు మింగి ఒంటరి గదుల్లో ఉన్న మాలాంటివాళ్లను ఆయనే చూసుకునేవాడు. జేబుకు బ్యాడ్జి, చేతిలో రేడియేషన్ కొలిచే మీటరు, ఊరంతా వినబడే గొంతు. లోపలి పని చిటికెలో ముగించేవాడు, కబుర్లన్నీ గుమ్మం బయటి నుంచే. ఆయన మీటరు పెట్టి చూడందే మా గదుల్లోంచి చిత్తుకాగితం కూడా కదలదు.

"నేనేమన్నా పులినా బాబాయ్?" అన్నానొకసారి ఒళ్లు మండి.

"పులైతే కనబడుతుంది కదమ్మా, భయం ఉండదు," అన్నాడు.

నా బాధ వేరు. ఏడాది నిండని నా కూతురికి నా శాలువా చుట్టుకోనిదే నిద్ర పట్టదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయిందని అత్తయ్య ఫోను చేసింది. "నీ వాసన లేక అల్లాడుతోందే. నువ్వు కప్పుకున్న శాలువా ఇవ్వు, పట్టుకెళ్తా," అంది. నాకూ బాగానే తోచింది. అత్తయ్య రాగానే మడిచి గుమ్మం దగ్గరి బల్ల మీద పెట్టి, పాపకని బాబాయ్‌కి చెప్పాను.

బాబాయ్ మీటరు పెట్టాడు. అది గోల గోల చేసింది.

"మందు చెమటలోనూ వస్తుందమ్మా. దీన్ని పాపకు చుడతారా?"

నడవాలో ఉన్న అత్తయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ, "ఇక్కడికి రాకముందు మీ కోడలు వాడిన దిండు గలీబు ఉందా? ఉతకనిది?" అన్నాడు.

అత్తయ్య నసిగింది. "ఉంది. రేపు ఉతుకుదాం, ఎల్లుండి ఉతుకుదాం అని బద్ధకించాను."

ఆ బద్ధకాన్ని పెళ్లయినప్పటి నుంచీ దెప్పుతున్నదాన్ని, ఆ పూట దానికే దండం పెట్టాను. గలీబు చుట్టుకుని పాప హాయిగా నిద్రపోయింది.

ఇంటికెళ్లాక కూడా డాక్టర్లు చెప్పిన గడువు తీరేదాకా బిడ్డకు దూరంగానే ఉన్నాను. ఆఖరి పరీక్షకు అత్తయ్య పాపను వెంట తెచ్చింది. బాబాయ్ నా మెడ దగ్గర మీటరు పెట్టి చూసి, "ఇక ఎత్తుకో తల్లీ," అన్నాడు.

చేతులు చాపాను. అది మూతి ముడిచి మొహం తిప్పేసుకుంది.

"నన్ను మర్చిపోయింది బాబాయ్," అంటూ ఏడ్చేశాను.

"మర్చిపోవడమేంటి, అలిగింది! కొత్తవాళ్ల మీద ఎవరైనా అలుగుతారా?"

కాసేపటికి నా చేతుల్లోకి వచ్చి, కోపమంతా తీరేలా నా జుట్టు పట్టి లాగింది. లాగనిచ్చాను. బాబాయ్ చల్లగా ఉండాలి. నా బిడ్డకు నా వల్ల కీడు రానివ్వలేదు.