తండా బడిలో ఇరవై నిమిషాలు, భూపాలపల్లిలో ఒక సంతకం

జనగామలో నేను ఇంగ్లిష్ ట్యూషన్లు చెబుతాను. నాకు ఆ భాష వచ్చింది రేడియో విని, పాత పేపర్లు చదివి. రెండేళ్లుగా వియత్నాంలోని బడులకు ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం కోసం అర్జీలు పెడుతున్నాను. పదకొండు చోట్ల నా మాతృభాష ఇంగ్లిష్ కాదని పక్కన పెట్టారు. పన్నెండో బడి రెండు విషయాలు అడిగింది. ఒకటి, అనువాదం చెప్పకుండా చిన్నపిల్లలకు బోధించిన ఇరవై నిమిషాల వీడియో, ఎక్కడా కత్తిరించకుండా. రెండోది, పాత బడి నుంచి సిఫారసు పత్రం. గడువు శుక్రవారం సాయంత్రం ఆరు. వీడియో కోసం మహబూబాబాద్ దగ్గర ఒక తండా బడిని అడిగాను, అనుమతి గురువారం గాని దొరకలేదు. అందుకని రెండు పనులూ శుక్రవారం ఒక్క రోజే పెట్టుకున్నాను.

ఉదయం ఆరున్నరకు జనగామలో రైలెక్కి, తొమ్మిదికి ముందే మహబూబాబాద్‌లో దిగాను. ఇక్కడివాళ్లకు అది మానుకోటే. స్టేషన్ బయట ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, కురవి వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై.

"ఏం పని మీద పోతున్నవన్నా?" అన్నాడు డ్రైవర్.

"తండా బడిల ఇంగ్లిష్ పాఠం చెప్పాలె. వీడియో తీసి వియత్నాం పంపాలె."

"గంత దూరమోళ్లు నిన్ను పిలుస్తరా? వాళ్లకు తెల్లోళ్లు దొరకలేదా ఏంది?"

"దొరికినట్టే ఉన్నరు. నన్ను గూడ జూస్తమన్నరు."

"అయితే జర గట్టిగ చెప్పు. నీ గొంతు పక్కనున్న నాకే వినొస్తలేదు."

తండా బడిలో హరిలాల్ సార్ నాకు పాత స్నేహితుడు. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు అప్పుడప్పుడే వస్తోంది. నాకు లంబాడీ రాదు. అనువాదానికి దారే లేదు కాబట్టి ఈ బడిని ఎంచుకున్నాను. తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచారు. పిల్లల ముఖాలు కనబడకుండా ఫోన్ వాళ్ల వెనక పెట్టాం.

పుస్తకం ఎత్తి, "వాట్ ఈజ్ దిస్?" అన్నాను. ఇరవై గొంతులు ఒక్కసారిగా "వాట్ ఈజ్ దిస్" అన్నాయి. "నో, టెల్ మీ" అన్నాను. "నో, టెల్ మీ" అన్నారు. సార్ ఏది చెబితే అది తిరిగి చెప్పడమే పాఠమని వాళ్లకు తెలుసు. నేనూ నా ట్యూషన్‌లో అలాగే చెప్పిస్తాను. ఐదు నిమిషాలకు వీడియో ఆపేశాను.

"మావోళ్లు మంచిగనే చెప్తున్నరు గదా," అని హరిలాల్ నవ్వాడు. "ఒక్క అక్షరం పోనిస్తలేరు."

వంటగదిలోకి వెళ్లి, మధ్యాహ్న భోజనం వండే అవ్వను ఒక ఎండు మిరపకాయ అడిగాను.

"ఒక్కటేనా? ఒక్కదానితోని ఏం కూరైతది బిడ్డా," అంటూ ఇచ్చింది.

మళ్లీ వీడియో మొదలుపెట్టాను. ఈసారి నోరు విప్పలేదు. మిరపకాయ అందరికీ చూపించి కొరికాను. నటన నాకు రాదు, నిజంగానే నమిలాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి చెప్పడానికి నేనేమీ అనలేదు కాబట్టి గది నిశ్శబ్దంగా ఉంది. ముందు వరుసలో ఒక పాప తన సీసా ముందుకు జరిపింది. "వాటర్, సార్," అంది. ఎవరూ దాన్ని తిరిగి చెప్పలేదు.

తాగి, "థాంక్యూ" అని మిరపకాయ ఆమె చేతికిచ్చాను. ఆమె పక్కవాడికి ఇవ్వబోయింది. వాడు "నో, నో" అని వెనక్కి జరిగాడు. ఆ నవ్వుల్లోనే హాట్, గివ్, ప్లీజ్ వచ్చేశాయి. ఇరవై నిమిషాలయ్యేసరికి వాళ్లే నన్ను "హాట్, సార్?" అని అడుగుతున్నారు.

పదిన్నరకు బయలుదేరి, రైల్లో వరంగల్, హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లి చేరేసరికి మూడు ముప్పావు. బొగ్గు గని కార్మికుల పిల్లలు చదివే ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడి హెడ్మిస్ట్రెస్ మేరీ మేడం ఫారం చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఇంగ్లిష్ మాతృభాష అయినోళ్ల లెక్క మాట్లాడుతడా అని అడుగుతున్నరు. ఏం రాయమంటవు?"

అవునని రాయమంటే రాసేదే. నోటిదాకా వచ్చింది. "మీకు తెలిసింది రాయండి మేడం," అన్నాను.

"నాకు తెలిసి నువ్వు తెలుగే సక్కగ మాట్లాడవు," అంటూ రాసింది: మాట్లాడడు. కానీ ఈయన క్లాసులో పిల్లలు ఈయన కంటే ఎక్కువ మాట్లాడతారు.

ముద్ర వేసి ఇచ్చింది. ఫొటో తీసి, ఐదు నలభైకి రెండూ పంపాను. ఆ "మాట్లాడడు" దగ్గరే పన్నెండోదీ పోయిందనుకున్నాను.

తొమ్మిదో రోజు వియత్నాం బడి ప్రిన్సిపాల్ వీడియో కాల్ చేశారు. నా కంటే పిల్లలే ఎక్కువ మాట్లాడతారన్న మాట నేను రాయమన్నానా అని అడిగారు. లేదన్నాను. వీడియో చూశాక ఆ మాట నిజమేననిపించిందన్నారు. ఏడాది ఒప్పందం మర్నాడు వచ్చింది.

గొప్ప చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. కానీ ఆ ఒప్పందంలో మాతృభాష అన్న గడిలో తెలుగు అని అచ్చు వేసి ఉంది, దాని కిందే ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు అని ఉంది. ఆ రెండూ ఒకే కాగితం మీద చూడటానికి నాకు నలభై ఒక్క ఏళ్లు పట్టింది. చాలాసార్లు తీసి చూసుకున్నాను.

ఇదే దారిలో ఉన్నవాళ్లకు ఒక్క సలహా. వీడియో తీయకముందే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లను తీసుకుంటారా అని బడికి ఒక ఉత్తరం రాయండి. లేదన్నవాళ్ల కోసం రైలెక్కనక్కర్లేదు. చూస్తామన్నవాళ్ల కోసం తెల్లవారుజామునే బయలుదేరండి.