పేపర్లో నయమైన మనిషి

లెక్క తప్పితే ఎలిశబెతుకు ఒళ్ళు మండేది. చర్చిలో ఎవరైనా ప్రసంగీకుడు "మొన్న కావలి కూటాలకు వేలమంది తరలివచ్చారు" అంటే చాలు, ఆడవాళ్ళ వరసలోంచి "నూట నలభై" అని గొణిగేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. గోరంతను కొండంత చేసి చెప్పడం లోకానికి మామూలే. పెళ్ళికూతురి రంగు దగ్గర, వలలో పడిన చేప పొడుగు దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఎలిశబెతు పట్టించుకునేది. ఆమె చేసే పని అలాంటిది.

ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు. పల్లెటూరి బోధకుడి కూతురు, పిల్లలు లేకుండానే విధవరాలైంది. 1961 నాటికి నలభై దాటింది. అంతకు ముందు క్షయ వచ్చిందంటే ఏడాది పొడుగునా ఆసుపత్రి మంచం మీద పడుకోవలసిందే. ఆ మంచం దొరకక ముందే సగంమంది పోయేవాళ్ళు. ఆ ఏడు పెద్ద డాక్టరమ్మ ఇరవై ఇద్దరు రోగులను ఎంచి, ఇంటి దగ్గరే మాత్రలు మింగించే పద్ధతి మొదలుపెట్టింది. వాళ్ళు మింగుతున్నారో లేదో చూసే పని ఎలిశబెతుది. మంగళవారం పాసింజరులో బిట్రగుంటలో దిగేది. రైల్వే కాలనీ చుట్టూ ఉన్న ఇళ్ళు చూసుకుని, సర్వితోపుల, అంటే సరుగుడు చెట్ల, మీదుగా ఇసుకలో పడి సముద్రం ఒడ్డు పల్లెలకు నడిచేది. భుజాన గుడ్డసంచి, సంచిలో మాత్రల పొట్లాలు, ఒక చిన్న సీసా.

ఆ సీసా అంటే అందరికీ భయం. రోగి మూత్రంలో ఆ మందు నాలుగు చుక్కలు వేస్తే, మాత్రలు మింగినవాడిదైతే చర్చిలో రొట్టెతో పాటు ఇచ్చే ద్రాక్షరసం రంగుకు తిరుగుతుంది. మింగనివాడిది ఉన్నట్టే ఉంటుంది. "నోరు అబద్ధమాడుద్ది గానీ ఇది ఆడదు నాయనా" అనేది ఎలిశబెతు.

ఆ ఇరవై ఇద్దరిలో సమాధానం అనే అతను ఒకడు. బిట్రగుంట లోకోషెడ్డులో రైలింజన్లకు బొగ్గు ఎత్తే మనిషి. ముప్పై ఏళ్ళు, ఎత్తరి, నవ్వితే పక్క పన్ను మీద ఇంకో పన్ను కనిపిస్తుంది. నెత్తురు కక్కుకుని షెడ్డులోనే కూలబడితే నలుగురు మోసుకొచ్చారు. భార్య ప్రేమలీల అతని మాత్రలను వేళ తప్పకుండా గుప్పెట్లో పోసి, పక్కనే నిలబడి మింగించేది. మాటవరసకు అనే గుప్పెడు కాదు, నిజంగా గుప్పెడే, అదీ రోజుకు రెండుసార్లు. మింగాక కడుపులో తిప్పి, తిన్న అన్నం నిలిచేది కాదు. అయినా మూడు నెలలు ఓర్చుకున్నాడు. దగ్గు తగ్గింది, మనిషి ఒళ్ళు చేశాడు. కళ్ళె పరీక్షలో క్షయ పురుగు కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే నెల్లూరినుంచి పేపరు విలేకరి సంజీవరావు ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "ఇరవై ఇద్దరిలో పద్నాలుగుమందికి మూడు నెలల్లో కళ్ళె శుభ్రపడింది. నయమైందని కాదు. పురుగు లోపల దాక్కుని ఉంటుంది. ఏడాదిన్నర మింగితేనే చస్తుంది. మధ్యలో మానితే మళ్ళీ లేస్తుంది, ఈసారి ఈ మందుకు లొంగదు." సంజీవరావు అన్నీ రాసుకున్నాడు. ఎలిశబెతు పక్కనే ఉండి చూసింది, పద్నాలుగు అనే అంకె కింద గీత కూడా గీశాడు. ఆ రోజు చూపించుకోవడానికి వచ్చిన సమాధానాన్ని వేపచెట్టు కింద నిలబెట్టి ఫొటో తీశాడు.

వారం తిరగకుండా మద్రాసు మెయిలు బండిలో బిట్రగుంటకు పేపరు దిగింది. "మూడు నెలల మాత్రలు – క్షయ మటుమాయం!" అని బొటనవేలంత అక్షరాలు. కింద సమాధానం ఫొటో. "మృత్యుముఖంనుండి బయటపడి సంపూర్ణారోగ్యవంతుడైన బిట్రగుంట కార్మికుడు" అని రాశారు. పద్నాలుగు లేదు. ఏడాదిన్నర లేదు. మానితే ఏమవుతుందో అసలే లేదు.

బొగ్గు మసిలో పుట్టి పెరిగినవాడి ముఖం పేపర్లో పడింది! షెడ్డులో ఆ పేపరు చేతులు మారి మారి నలిగిపోయింది. ఆదివారం ఎవరో దాన్ని అక్కడి చర్చికి పట్టుకొచ్చారు. ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. జబ్బు నయమైనవాళ్ళు అందరిముందూ నిలబడి సాక్ష్యం చెబుతారు, కృతజ్ఞతగా తోచింది అర్పిస్తారు. పాస్టరు యెహోషువగారు మంచివాడు, అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందని ఆయనకు తోచలేదు. వార్తను పీఠం మీదనుంచి చదివి, "లే నాయనా, చెప్పు" అన్నాడు. సమాధానం లేచాడు. "దేవుడు నన్ను బాగుచేసినాడు. నాకు జబ్బు లేదు" అని ఏడ్చాడు. చర్చి అంతా ఏడ్చింది. ప్రేమలీల పెంచుకున్న పుంజును తెచ్చి అర్పించింది.

మంగళవారం ఎలిశబెతు వెళ్ళేసరికి ఆ వార్త గంజితో గోడకు అంటించి ఉంది. చదివేసరికి ఆమెకు నిప్పు తొక్కినట్టయింది.

"ఇది నమ్మినావా తమ్ముడా?"

"పేపర్లో ఏసినారు గదక్కా."

"పేపరోడు నీ ఛాతీలోకి తొంగిచూసినాడా? ఇంకా పదిహేను నెలలు మింగాల. వినబడిందా?"

"అట్నేలే అక్కా" అన్నాడు. ఆమె సీసా తీసింది. చక్కటి ద్రాక్షరంగు వచ్చింది. ఎలిశబెతు కుదుటపడింది. ఆ తర్వాత ప్రతి మంగళవారమూ ఆ రంగే వచ్చింది.

మూడు నెలలకు కళ్ళె పరీక్ష చేస్తే, సమాధానం కళ్ళెలో పురుగు బారులు తీరి కనిపించింది. డాక్టరమ్మ తలపట్టుకుంది. రంగు వస్తోంది, పురుగూ వస్తోంది, ఎట్లా? ఎలిశబెతు మనసులో ఏదో మెదిలింది. ఎవరికీ చెప్పకుండా గురువారం పాసింజరెక్కింది.

గుమ్మంలో ఆమెను చూసి ప్రేమలీల చేతిలోని చేట జారవిడిచింది. సమాధానం దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. సీసాలోంచి నాలుగు చుక్కలు పడ్డాయి. రంగు తిరగలేదు. ఇంకో నాలుగు వేసింది. తిరగలేదు.

ప్రేమలీల బావురుమంది. "మంగళారం పొద్దున మాత్రమే మింగతాడక్కా. నువ్వొచ్చే దినం గదా. మిగతా దినాలు నేను పోసిస్తే గోడవతల పారేస్తాడు."

"ఎందుకురా?" ఎలిశబెతు సీసా కింద పెట్టింది. "చేదని మానినావా?"

"చేదుకు కాదక్కా." సమాధానం తల వంచుకుని చెప్పాడు. "అందరి ముందర నిలబడి నాకు జబ్బు లేదని చెప్పినాను. పుంజునిచ్చినాము. ఇంటికొచ్చి మాత్ర మింగితే, నా సాక్ష్యం అబద్ధమైపోదా? ఎవురన్నా చూస్తే, వీడికి నమ్మకం లేదనరా? నువ్వు కష్టపడి నడిచొస్తావని, నిన్ను బాధపెట్టలేక ఆ ఒక్కరోజు మింగినాను."

ఎలిశబెతు అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. అతని మీద కోపం రాలేదు. దేవుడి ముందు మాట తప్పకూడదని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ణి ఏమని తిడుతుంది? తన మీద మాత్రం వచ్చింది. గడియారం ముల్లులాగా ప్రతి మంగళవారమే వచ్చింది తను కాదూ! ఇక తక్కిన కోపమంతా నెల్లూరు వైపు తిరిగింది.

పది రోజులు తక్కిన రోగులందరి ఇళ్ళకూ చెప్పకుండా వెళ్ళి చూసి, నెల్లూరు బండెక్కింది. సంజీవరావు ఆఫీసు ఒక అచ్చుకూటం మేడమీద గది. అతను దుర్మార్గుడేం కాదు, కుర్చీ వేశాడు, సోడా తెప్పిస్తానన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పద్నాలుగు అని గీత కొట్టి మరీ రాసుకున్నావే. అదేమైపోయింది?"

"అంకెలు ఎవరు చదువుతారమ్మా? 'కొంతమందికి కొంత మేలు' అని వేస్తే పేపరు పొట్లాలు కట్టడానికి కూడా పనికిరాదు. జనానికి ఆశ కావాలి. నేను ఆశ ఇచ్చాను."

"ఆశ కాదయ్యా నువ్విచ్చింది, సెలవు. మాత్రలకు సెలవిచ్చినావు. ఇరవై ఇద్దరిలో ఐదుగురు నీ రాత చూసి మానేసినారు. ఊరూరా తిరిగి పట్టుకున్నాను. వాళ్ళలో ఒకడు నెత్తురు కక్కుతుండాడు. నువ్వు బాగైపోయినాడని రాసినోడే!"

సంజీవరావు మొహం కాస్త పాలిపోయిన మాట నిజమే. "నేను పంపింది ఒకటి, మద్రాసులో వాళ్ళు పెట్టిన హెడ్డింగొకటి" అని నసిగాడు. సవరణ వేయిస్తానన్నాడు. వేయించాడు కూడా. ఆరో పేజీ అడుగున నాలుగు వరసలు, దాని పక్కనే తలనూనె ప్రకటన. నెల రోజుల్లో బట్టతల మీద జుట్టు మొలిపిస్తుందట ఆ నూనె! ఆ నాలుగు వరసలను బిట్రగుంటలో ఎవరూ చర్చికి పట్టుకురాలేదు, పీఠం మీదనుంచి చదవలేదు. అబద్ధానికి బొటనవేలంత అక్షరాలు, నిజానికి చీమ తలకాయంతవి. ఇదెక్కడి న్యాయమో ఎలిశబెతుకు చచ్చేదాకా అర్థం కాలేదు.

సమాధానం మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. డాక్టరమ్మ చెప్పినట్టే పురుగు మందుకు లొంగలేదు. యెహోషువగారు రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. "నేనే లెమ్మన్నాను, నేనే చెప్పమన్నాను" అని లోలోపల కుమిలిపోయేవాడు. తిలాపాపం తలా పిడికెడు. ఎలిశబెతు తన పిడికెడు తను తీసుకుంది, పాస్టరుగారు తనది తీసుకున్నాడు. పెద్ద గంప మోయవలసినవాడు మాత్రం నెల్లూరులో హాయిగా ఇంకో వార్త రాసుకుంటున్నాడు. 1962 నవంబరు వానల్లో సమాధానం పోయాడు. పెట్టెను మోయడానికి షెడ్డువాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకడు, "అదేంది, పేపర్లో బాగైపోయినాడనిరి గదా" అని అమాయకంగా అడిగాడు.

చావు అక్కడితో ఆగేటట్టు కనిపించలేదు. భర్త దగ్గు పీల్చి పీల్చి ప్రేమలీలకూ అంటుకుంది. కళ్ళెలో పురుగు తేలిన రోజున ఎలిశబెతు ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగింది. "ఎవురేమి రాసినా, ఎవురేమి చెప్పమన్నా, నేను చాలనేదాకా మింగతావా?"

"మింగతానక్కా."

అదృష్టం ఏమంటే ఆమె పురుగు, పాత మాత్రలకు అప్పుడే వచ్చిన కొత్తరకం మాత్రలు కలిపితే లొంగింది. ఈసారి ఎలిశబెతు మంగళవారమని పెట్టుకోలేదు. ఒక వారం సోమవారం, ఒక వారం శనివారం, ఒక్కోసారి వరసగా రెండు రోజులు. ఎప్పుడు వెళ్ళినా రంగు తిరిగేది. మూడో నెలకు కళ్ళె శుభ్రపడింది. చర్చివాళ్ళు సాక్ష్యం చెప్పమన్నారు. ప్రేమలీల తల అడ్డంగా ఊపింది. ఏడాదికీ అడిగారు. అప్పుడూ ఊపింది. గోడమీది పేపరును చించేద్దామని ఎలిశబెతు ఒకసారి చెయ్యి పెడితే పరుగున వచ్చి అడ్డుపడింది. "వద్దక్కా. ఆయనకున్న ఫొటో అదొక్కటే." పెళ్ళిలో కూడా ఫొటో తీయించుకోలేదు వాళ్ళు. బతికి ఉన్న సమాధానాన్ని చూసుకోవాలంటే ఆ అబద్ధం కిందనే చూసుకోవాలి. ఎలిశబెతు సంచిలోంచి కట్లు కోసే కత్తెర తీసింది. తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి గోడనుంచి ఊడదీసి, పైనున్న బొటనవేలంత అక్షరాలనూ కిందున్న రాతనూ కత్తిరించి పారేసింది. వేపచెట్టు కింద పక్కపన్నుతో నవ్వుతున్న మనిషి ఒక్కడే మిగిలాడు.

ఏడాదిన్నర నిండాక ఒక ఆదివారం, ఎలిశబెతు కూడా బిట్రగుంట చర్చికి వచ్చి ఉండగా, ఎవరూ అడగకముందే ప్రేమలీల లేచి నిలబడింది.

"ఐదువందల నలభై దినాలు మాత్రలు మింగినాను. ఒక్కదినం గూడా మానలేదు. వాంతులైతే మళ్ళీ మింగినాను. ఇప్పుడు కళ్ళెలో పురుగు లేదు. ఇంకో రెండేళ్ళు చూపించుకుంటా ఉండాలని డాక్టరమ్మ చెప్పినాది. దేవునికి స్తోత్రం. అంతే."

ఇంకేదో చెబుతుందని అందరూ చూశారు. ఆమె కూర్చుంది. ఆడవాళ్ళ వరసలో ఎలిశబెతు మొదటిసారి ఏమీ గొణగలేదు. లెక్క సరిపోయింది.

ఆ సంగతి ఎట్లా పాకిందో, వారంలోపల, ప్రేమలీల చూపించుకోవడానికి వచ్చిన రోజునే, సంజీవరావు కెమెరాతో ఆసుపత్రిలో ప్రత్యక్షమయ్యాడు. జుట్టు నెరిసింది, నమస్కారం మాత్రం అదే. "భర్తను కోల్పోయిన ఆడబిడ్డ క్షయను జయించింది. బ్రహ్మాండమైన వార్త! ఒక్క ఫొటో అమ్మా" అని ప్రేమలీలను వేపచెట్టు కిందకు రమ్మన్నాడు.

ఎలిశబెతు అడ్డుపడబోయింది. ప్రేమలీల ఆగమన్నట్టు చూసి, చేతిలోని బైబిలులోంచి ఆ కత్తిరించిన కాగితం ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"నా ఫొటో వద్దు సార్. ఇది మీరు తీసిందే. దీన్నే మళ్ళీ ఎయ్యండి. అంత పెద్ద అక్షరాల్తోనే. కింద, ఈ మనిషి చచ్చిపోయినాడని రాయండి. ఎందుకు చచ్చినాడో గూడా రాయండి."

సంజీవరావు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "చచ్చిపోయినవాళ్ళ ఫొటో వేస్తే ఎవరు చదువుతారమ్మా" అన్నాడు మెల్లగా.

"బాగైపోయినాడని అబద్ధమేసేదానికి పనికొచ్చినాడు గదా సార్ మా ఆయన. చచ్చినాడని నిజమేసేదానికి ఎందుకు పనికిరాడు?"

అతను కాగితం ముక్కను జాగ్రత్తగా ఆమెకే తిరిగిచ్చి, రాసుకోవడానికి తీసిన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.