అమ్మ తల తిప్పితే అమ్మోరట

బారిడీహ్‌లో మా ఉక్కు కంపెనీ క్వార్టర్ల వరసవాళ్లకి తెలివి లేదని నేననను. ఉంది. దాన్ని ఎక్కడ వాడాలో తెలీదంతే.

పంతొమ్మిదొందల డెబ్బైల చివర్లో అమ్మకి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ, తల తిరగడం మిగిలిపోయింది. గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వెయ్యలేదు. అగ్రికో బజారుకి ఒక్కత్తే వెళ్లి, బెండకాయల కొసలు విరిచి చూసి లేతవి ఏరుకోవడం అమ్మకున్న ఏకైక స్వతంత్రం. అదీ పోయింది. నాన్న తెచ్చే ముదురు బెండకాయలు చూసి ఏడ్చేది.

ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే ఆవిడ అమ్మని చాచిన చేతి బొటనవేలి మీద చూపు నిలిపి తలని అటూ ఇటూ తిప్పమంది. "చక్కర్ ఆయేగా, ఆనే దో," అంది. కళ్లు తిరుగుతాయి, తిరగనీ అని. అలా తిరిగితేనే అలవాటవుతుందట, భయపడి పడుకుంటే జబ్బు పోదట.

శుక్రవారం తలంటుకుని, మొహాన పసుపుతో, జుట్టు విరబోసుకుని, అమ్మ వరండాలో కూర్చుని తల తిప్పడం మొదలుపెట్టింది. ఇంకేం కావాలి? ఎదురింటి పిన్నిగారు వేపమండలతో దిగిపోయింది.

"తల్లీ, నా కొడుక్కి ఉజ్జోగం పర్మినెంటు ఎప్పుడవుద్దో సెప్పు!"

"ఏటి పిన్నీ, ఇది కసరత్తు," అంది అమ్మ, తల ఆపకుండానే.

మర్నాడు ఆ కొడుకు వీధిలో గుంజీళ్లు తీస్తూ కనబడ్డాడు. కసరత్తు చెయ్యమని అమ్మోరు ఆనతిచ్చిందట!

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా గుమ్మంలో జనమే. కొబ్బరి చెక్కల రుచి మరిగిన నానమ్మ వాళ్లకి పీటలు కూడా వేసేది. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం. అమ్మ సిగ్గుతో చచ్చిపోతూనే తల తిప్పింది. మెల్లిగా గోడ వదిలింది. అది చూసి నానమ్మ సంతోషించిందా?

"తల తిప్పడం మానీకే కోడలా, అమ్మోరికి కోపం వత్తాది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మకి నయం కావడం ఆ వరసలో ఒక్కరికీ అక్కర్లేదు.

ఓ శుక్రవారం అమ్మ సంచీ పట్టుకుని బయటికొచ్చింది. పళ్లేలతో ఆడవాళ్లు మెట్ల మీదే ఉన్నారు.

"ఈయేల పూనకం లేదా తల్లీ?" అంది పిన్నిగారు.

"బెండకాయలకి ఎల్తన్నాను. తప్పుకోండి."

ఏమీ పట్టుకోకుండా మెట్లు దిగింది. మలుపు దగ్గర నేను పిలిస్తే గిరుక్కున తల తిప్పి చూసింది. తూలలేదు. బాగుపడ్డావే అని ఒక్కరైనా అంటే ఒట్టు. అమ్మోరు వెళ్లిపోయిందని గొణుక్కుంటూ, వేపమండలు మా మెట్ల మీద పారేసి పోయారు.

వాటిని నేనే ఊడ్చాను. అమ్మ తిరిగొచ్చి సంచీ నా ముందు బోర్లించింది. ఒక్క ముదురుకాయ లేదు.