పదానికో మార్కు

భీమవరం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అద్దాల మేడలు, ఏసీ బస్సులు, గేటు దగ్గర ర్యాంకర్ల ఫ్లెక్సీలు. లెక్కలు తెలిసినవాణ్ణి మాత్రం వెతుక్కోవాలి. నేనెరిగినంతలో ఒక కాలేజీలో ఒకరుండేవారు, యెహెజ్కేలు మాస్టారు. కూలి పనికి వెళ్ళే తల్లిదండ్రుల బిడ్డ, లూథరన్ మిషను బడిలో చదువు, పన్నెండేళ్ళుగా టెంపరరీ లెక్చరర్. ఏటా జూన్‌లో హెడ్ పల్లంరాజు గారు సంతకం పెడితేనే ఆ ఉద్యోగం.

సూటిగా తెగని ఇంటిగ్రల్‌ను శ్రేణిగా విప్పి ఉజ్జాయింపు విలువ రాబట్టడం ఆయన చెప్పే పాఠం. ఈ శ్రేణుల్లో ఒక తిరకాసుంది. మొదట పదాలు చిన్నవవుతూ అసలు విలువకు దగ్గరగా తీసుకెళ్తాయి. ఒక చోటు దాటాక పెరిగి కొంప ముంచుతాయి. అక్కడ ఆగాలి. ఊరవతల రొయ్యల చెరువు బుల్లబ్బాయికి ఈ ఆగడం డిగ్రీ లేకుండానే తెలుసు. రొయ్యలు తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే ఇంక వెయ్యడు. పల్లంరాజు గారికి డాక్టరేటు ఉంది, కాబట్టి తెలియదు.

పరీక్షకు ఈ హెడ్ గారు తయారుచేసిన జవాబుల కీలో పది పదాలు, పదానికో మార్కు. లావణ్య అనే విద్యార్థిని నాలుగు పదాలు రాసి, "ఇక తగ్గవు, ఆపాలి" అని ఆపేసింది. 0.78 వచ్చింది. అసలు విలువ 0.83 దరిదాపు. మాస్టారు పదికి పది వేశారు. హెడ్ గారు పిలిపించారు.

"ఏంటండీ మాస్టారూ ఇది? నాలుగు రాస్తే పదా? సత్రం భోజనమా?"

"పదీ కలిపితే ఎంతొస్తుందో చూశారాండి?"

"మైనస్ పాయింట్ వన్ ఫోర్. కీలో ఉందిగా."

"గీతంతా సున్నాకి పైనే ఉంటే, కింద వైశాల్యం మైనస్ ఎలా అవుద్దండి?"

"మన సిలబస్‌లో అవుద్దండి. నాలుగు వేసి పట్రండి. లేదంటే జూన్‌లో నా పెన్నులో సిరా ఉండదు."

చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కువ రాస్తే ఎక్కువ తెలిసినట్టేనన్న నమ్మకాన్ని ఇంత భక్తిగా ఎక్కడా కొలవరు. పేపర్లను కాటా మీద తూచనందుకే సంతోషించాలి.

యెహెజ్కేలు గారు పదిని కొట్టెయ్యలేదు. లావణ్య పేపరు మీదే మిగతా ఆరు పదాలూ ఎర్ర సిరాతో వేసి, ఎక్కడెక్కడ లెక్క ఎంత చెడుతోందో చూపించి, సంతకం చేసి రెండోసారి దిద్దడానికి పంపారు. రెండోసారి దిద్దినాయన సిరా రంగు చూడలేదు, వ్యాఖ్య చదవలేదు, పదాలు లెక్కపెట్టాడు. పది ఉన్నాయి. పది ఉంచేశాడు. లావణ్య పాసైంది.

జూన్‌లో సంతకం పడలేదు. మాస్టారు ఇప్పుడు పెద్దాపురంలో ట్యూషన్లు చెబుతున్నారు. ఆయన స్థానంలో వచ్చినాయన క్లాసులో ఇరవై పదాలు రాయిస్తున్నాడట.