ఇల్డా కింది వంటిల్లు

ఫాల్ రివర్‌లో పాతికేళ్లుగా పరాయివాళ్ల గోడలకు పూత పూసీ పూసీ గ్వాల్టర్ మోకాళ్లు అరిగిపోయాయి. భార్య ఇల్డాతో కలిసి సముద్రం అవతలి దీవుల నుంచి వలస వచ్చినవాడు. మొదట కొన్న ఇంటిని అద్దెకిచ్చి, పోయిన శరత్కాలంలో రెండోది కొన్నాడు. మూడంతస్తుల పాత ఇల్లు. కొనేవాడు స్వయంగా ఏడాదిపాటు కాపురముంటానని సంతకం పెడితేనే బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. సంతకం పెట్టి వెళ్లనివాళ్లు ఊళ్లో చాలామందే. గ్వాల్టర్ మాత్రం మంచాలు మోసుకుని నిజంగానే వెళ్లాడు.

కాపురం పెట్టిన ఎనిమిదో నెలలో బ్యాంకు మనిషి తనిఖీకి వచ్చాడు. మొదటి ఇంటికీ ఇలాంటి అప్పే ఉండడంతో వాళ్లకు అనుమానం. ఈ ఇంట్లో కాపురం ఉండడం లేదని తేలితే అప్పంతా ఒక్కసారే కట్టాలి.

ఆ మనిషి వంటింట్లో పొయ్యి తడిమాడు. దాని మీద కంపెనీ కాగితం కూడా ఊడలేదు. సోఫాకు ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

"ఇక్కడ మనుషులు ఉంటున్నట్టు లేదండీ."

"ఉంటున్నాం సార్! మా ఆవిడ ఎంత శుభ్రంగా ఉంచిందో చూడండి!"

"అదే నా అనుమానం."

ఇల్డా భగ్గుమంది. "ఇల్లు తుడుచుకున్నందుకు దొంగనయ్యానా?"

గ్వాల్టర్ ఆమెను పక్కకు లాగి గొణిగాడు. "కింద నేలమాళిగ చూపిద్దామే."

"చంపేస్తా! కింద నా లంగాలు ఆరేసున్నాయి. చుట్టాలకే చూపించని ఆ మసి వంటిల్లు పరాయి మగాడికి చూపిస్తావా?"

"అప్పంతా ఇప్పుడే కట్టమంటే ఏం చేస్తాం? నా మోకాళ్లు అమ్మాలా? వాటిని ఎవడు కొంటాడే?"

ఇల్డా నేలమాళిగ తలుపు తీసి, తనే ముందు గబగబా దిగి బట్టలన్నీ చంకలో కుక్కుకుంది.

కాపురమంతా అక్కడే ఉంది. బేసిన్‌లో నానుతున్న ఉప్పుచేప, బల్ల మీద సగం కోసిన రొట్టె, గ్వాల్టర్ మోకాళ్ల మాత్రలు, సున్నం అంటిన బూట్లు. పొయ్యి మీద ఆకుకూర సూపు పొంగి చుట్టూ ఎండిపోయింది.

"మరి పైన వంటిల్లు ఎందుకమ్మా?" బ్యాంకు మనిషి అడిగాడు.

"పైన వండితే పాడైపోదూ?" ఇల్డా అతన్ని ఎగాదిగా చూసింది.

అతను సాక్ష్యం కోసం ఆ పొయ్యిని ఫోటో తీయడానికి ఫోను ఎత్తాడు.

"ఉండు బాబూ, ఒక్క నిమిషం!" ఇల్డా తడిగుడ్డ అందుకుంది.

"వద్దే తల్లీ! దండం పెడతా, తుడవకు!" గ్వాల్టర్ ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాడు.