ఖాళీ గ్లాసు రీడింగు

2014 జూలైలో నేను రాయపూర్ శివార్లలోని ఒక ఉక్కు కర్మాగారంలో నీటి పరీక్షల ల్యాబు టెక్నీషియన్‌ని, గ్రేడు మూడు. గ్రేడు నాలుగు లేదు కనక అదే అట్టడుగు. ముప్ఫై అయిదేళ్లకే రిటైరయ్యానంటే జనం అనుమానంగా చూస్తారు. నిజానికి మూతపడి రిటైరైంది ల్యాబు. నేను దాని వెనకాల నడిచి బయటికొచ్చాను.

బాయిలరులోకి వెళ్లే నీటి విద్యుత్ వాహకత కొలవడం మా పని. నీటిలో లవణాలు ఎక్కువైతే కరెంటు సులువుగా పారుతుంది, గొట్టాల్లో పొర పేరుకుంటుంది. ప్రతి షిఫ్టుకూ రిజిస్టరులో ఒక పేజీ. అందులో మొదటి గడి పేరు బ్లాంక్. నమూనా పోయకముందు, ఖాళీ పాత్రలో మీటరు ఎంత చూపిస్తోందో అక్కడ రాయాలి. సున్నా రావాలి.

ఒక ఆదివారం మా అక్క ఫోన్ చేసి రైల్వే క్వార్టర్లకు రమ్మంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మేనకోడలు హారిక సైన్సు ప్రాజెక్టు తగలబడిందట. వెళ్లి చూస్తే ఏదీ తగలబడలేదు. నోటుబుక్కులో, ఏ పానీయంలో కరెంటు ఎంత పారుతుందో చూపే పట్టిక ఉంది: మంచినీళ్లు, పాలు, కూల్‌డ్రింకు, కొబ్బరినీళ్లు, ఉప్పేసిన నిమ్మరసం. అయిదింటికీ ఒకటే రీడింగు, 8.6 మిల్లీయాంపులు. కింద టీచరు ఎర్రసిరాతో హిందీలో 'మన్‌గఢంత్' అని రాసింది. ఇంట్లో కూర్చుని అల్లినదని అర్థం. మర్నాడు క్లాసు ముందు చేసి చూపించాలి. చూపించలేకపోతే మార్కుల మాట అటుంచి, అబద్ధాలకోరన్న పేరు ఏడాదంతా మోయాలి.

"నేను అల్లలేదు మావయ్యా. అల్లేదాన్నైతే అయిదూ వేరేవేరేగా అల్లేదాన్ని కదా! అంత బుద్ధూలా కనిపిస్తున్నానా?" అంది హారిక.



గూడ్సు గార్డుగా పనిచేసే మా బావ చొక్కా విప్పుతూ ఉచిత సలహా ఇచ్చాడు. "ఏటమ్మా దీనికింత గొడవ? నీళ్లకి తక్కువ, ఉప్పుకి ఎక్కువ. నాలుగంకెలు రాసి పారెయ్. కౌన్ దేఖ్తా హై, ఎవడు చూస్తాడు?"

"అందరి ముందూ మీటరు పెట్టాలి నాన్నా. మీటరు నీ మాట వింటుందా?"

నిపుణుణ్ని కనక నేను బావకేసి జాలిగా చూసి పనిలోకి దిగాను. సరంజామా సాదాసీదాది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, కరెంటు హద్దు దాటకుండా ఒక రెసిస్టరు, మీటరు, అట్టముక్కకు గుచ్చిన రెండు ఇనప మేకులు. ఆ అట్ట మూతలా గ్లాసు మీద కూర్చుంటుంది, మేకులు పానీయంలో మునుగుతాయి. నేను బ్యాటరీ మార్చాను, వైర్లు గీకాను, మేకుల్ని గరుకు కాగితంతో రుద్దాను. మేకుల దగ్గర బుడగలు లేస్తే రీడింగు పడిపోతుందని పెద్ద ఉపన్యాసమిచ్చాను. ఇక్కడ పడిపోవడమన్న సమస్యే లేదు. రీడింగు 8.6 దగ్గర రాయిలా కూర్చుంది. గంటన్నర గడిచింది. అక్క రెండుసార్లు టీ ఇచ్చింది. మూడోసారి ఇవ్వకపోవడంలో నా మీద నమ్మకం ఎంత మిగిలిందో తెలిసింది.

మేమిద్దరం వైర్ల మీద వంగి ఉన్నప్పుడు బావకు దాహం వేసింది. నిమ్మరసం గ్లాసు మూత తీశాడు, గటగటా తాగాడు, గార్డు కాబట్టి మూతను ఉన్నచోటే ఉన్నట్టు పెట్టేశాడు.

"మావయ్యా," అంది హారిక, "గ్లాసులో ఏమీ లేదు. మీటరు మాత్రం 8.6 అంటోంది."

గ్లాసు స్టీలుది. మన ఇళ్లలో ఇంకేం గ్లాసులుంటాయి? మేకులు రెండూ లోపలి గోడలకు ఆనుకుని ఉన్నాయి. కరెంటు పానీయం జోలికి పోకుండా స్టీలు మీదుగా హాయిగా తిరిగొస్తోంది. వారం కిందట ఫోన్లో, మేకులు వీలైనంత దూరంగా పెట్టమని చెప్పిన మహానుభావుణ్ని నేనే. ఆ గ్లాసులో వీలైనంత దూరమంటే గోడే.

అక్క షోకేసులోంచి పెళ్లినాటి గాజు గ్లాసులు దిగాయి. పదిహేనేళ్లలో వాటికి అదే మొదటి డ్యూటీ. ముందు ఖాళీ గ్లాసు: సున్నా. మంచినీళ్లకు ముల్లు కాస్త కదిలింది, కొబ్బరినీళ్లకు బాగా లేచింది, ఉప్పేసిన నిమ్మరసం అన్నిటికన్నా పైకి వెళ్లింది. ఆ నిమ్మరసం మళ్లీ కలపాల్సొచ్చింది, బావ ఖర్చున.

హారిక పాత పట్టిక చింపలేదు. దాని కింద ఆరో వరుస గీసి, 'ఖాళీ స్టీలు గ్లాసు: 8.6' అని రాసింది. మర్నాడు క్లాసులో ఆ ఖాళీ గ్లాసుతోనే మొదలుపెట్టిందట. టీచరు ఎర్రసిరా మాట కొట్టేసి సంతకం పెట్టింది.

అదే సోమవారం నేను ల్యాబుకు వెళ్లి, రెండేళ్లలో మొదటిసారి బ్లాంక్ కొలిచాను. అంతవరకూ ఆ గడిలో సున్నా కుర్చీలోంచే వేసేవాణ్ని. బావ సలహాకు జాలిపడ్డ మనిషిని నేనే. ఆ రోజు సున్నా రాలేదు. పాత్ర అడుగున తడి ఉప్పు చారికలు కట్టింది. షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పి, కడిగి, మొదట వచ్చిన అంకెనే రిజిస్టరులో రాసి సంతకం చేశాను. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఒకటి వచ్చింది.

నేర్చుకున్నది ఇంతే: నిండినదాన్ని కొలిచే ముందు ఖాళీదాన్ని కొలవాలి. ఈ సంగతి మా రిజిస్టరు మొదటి గడిలోనే అచ్చేసి ఉండేది.